దవడల మధ్య

పదకొండో రోజుకి నీరు తీసింది.
షట్టరు సగం లేచి ఆగిపోతే
వంగి లోపలికెళ్ళాం, దండాసి మేస్త్రీ, నేనూ.
గోడ మీద నా నడుమెత్తున
గెడ్డ గీసి పోయిన గీత.
దాని కింద ఉన్నవన్నీ ఒకటే రంగు.

స్పానర్లు ఒకదాన్నొకటి కరుచుకుని ముద్దయ్యాయి.
ఆకురాళ్ళ పళ్ళ నిండా బురద.
డ్రిల్లు చక్కు నోరు కట్టేసుకుంది.
దాగలి మాత్రం ఎప్పటిలాగే కూర్చుంది
వరదొచ్చిందని దానికెవరూ చెప్పనట్టు.

నేను సుత్తి తీశాను.
ఆయన అడ్డంగా చెయ్యి పెట్టాడు.
"కొడితే ఇరిగిపోతాది, ఓలె గుంటా.
తుప్పుతో తగువెట్టుకోకు.
నానబెట్టీసి ఒగ్గీ."

ముందు మంచినీళ్ళతో కడిగి
గోనెపట్టా మీద ఎండకి పరిచాం.
తర్వాత చిన్నవన్నీ చింతపండు పులుసులో,
పక్క హోటలు వాళ్ళు పారేసిన సొట్ట డేగిసాలో.
పెద్దవి కిరసనాయిల్లో.
"ఏటి మేస్త్రీ, ఇనప పులుసా?" అన్నారెవరో సైకిలాపి.
కాశీబుగ్గలో ఆ వారం
నేను విన్న మొదటి నవ్వు అది.

ఎమిరీ కాగితం రుద్ది రుద్ది
నా వేళ్ళ గీతలు చెరిగిపోయాయి.
రేషను కొట్లో మిషను
నా బొటనవేలిని మూడుసార్లు ఎరగనంది.

అన్నీ లొంగాయి గానీ
వైసు మాట వినలేదు.
తుపానుకి ముందురోజు తవిటమ్మ తెచ్చిన
జీడిపిక్కల మిషను బ్లేడు
దాని దవడల్లోనే ఉండిపోయింది.
సగం పదునుపెట్టేసరికి కరెంటు పోయింది.
రేపు చూద్దాంలే అనుకున్నాం.

రోజూ పొద్దున్న మరలోకి నాలుగు చుక్కలు.
సాయంత్రం బ్లో ల్యాంపు సెగ.
పిడి మీద చెయ్యేసి
తిప్పడం కాదు, ఊరికే ఓ మాట అడిగినట్టు కదపడం.
ఆరో రోజు లోపలెక్కడో చిన్న మూలుగు.
పావు చుట్టు.
కాస్త వెనక్కి.
మళ్ళీ పావు.
మేస్త్రీ ఊపిరి ఆపుకోవడం నాకు వినబడింది.

దవడలు విడిచాయి.
బ్లేడు బల్ల మీద పడింది.
ఒళ్ళంతా గంధం పూసినట్టు తుప్పు.
వైసు కరిచిపట్టుకున్న రెండు వేళ్ళ మేర మాత్రం
తెల్లగా, తళతళా,
బిగించిన నాటి సాయంత్రం
అక్కడే ఆగిపోయినట్టు.

తవిటమ్మ వచ్చింది.
జీడిపాలు కాల్చిన నల్లటి వేళ్ళు ఆవిడవి.
రేషను మిషనుకి ఆ వేళ్ళు తెలియక చాలా ఏళ్ళయిందట.
ఆ తెల్లటి చోటుని వాటితో తడిమి
"అంతా ఇలగే ఉండాల" అంది.
ఎంతైందని అడిగితే
కిరసనాయిలు డబ్బులిమ్మన్నాడు మేస్త్రీ.
ఆవిడ కొంగు ముడి విప్పి
గుప్పెడు బద్దలు బల్ల మీద పోసింది.
నేనొకటి నోట్లో వేసుకున్నాను.
కొంచెం బురద వాసన.
అయినా తిన్నాను.

రాత్రి షట్టరు దించేముందు
వైసుకి నూనె రాసి
దవడలు కలిపి బిగించబోయాను.
"అరవేలు ఎడం ఒగ్గీ" అన్నాడాయన
లుంగీకి చేతులు తుడుచుకుంటూ.
"గాలాడాల కదేటి."