అంటీ ముట్టనట్టు

కుహ్మోలో అక్టోబరు. గ్యారేజీలో హీటరు గొణుగుతోంది.
తడికి ఉబ్బి, చలికి ముడుచుకుని
ఏటేటా గురి తప్పించే బిర్చ్ కొయ్యని
ఒళ్ళో పెట్టుకుని ఉలితో గీకుతోంది రైలి.

రైఫిలు ఇనుముకి బూటు పాలిష్, మూడు పూతలు.
స్క్రూ బొరియల్లో మనవడి బంకమన్ను.
"ఒక్క చోట మరిచావా, ఈ జన్మకి ఊడదు"
అనేవాడు తౌనో, విడాకులకి ముందు.

ఎపాక్సీ తేనెపాకంలా జారింది.
అంచున పొంగినదాన్ని వెనిగర్ గుడ్డతో తుడిచి,
స్క్రూలు బిగించి, కాదు, ఊరికే ఆనించి,
రాత్రి మూడుసార్లు లేచి చూసొచ్చింది.

తెల్లారి, కొయ్యసుత్తితో ఒక దెబ్బ.
రెండు.
చచ్చాం అనుకుంది.
మూడోదానికి టక్!

నల్లటి గుంటలో ఇనుము ఆకారం మొత్తం,
గీతలతో సహా.
మూలన, పాలిష్ మీద ఎప్పుడు పడిందో,
తన బొటనవేలి ముద్ర.

గీకెయ్యబోయి ఆగింది.
దుప్పుల వేట శనివారం.