వంపు పరీక్ష

దర్ఖాన్‌లో డిసెంబరు. సున్నాకి దిగువన ముప్ఫై రెండు.
వర్క్‌షాపు గడియ మీద ఒట్టి చెయ్యి వేస్తే
చర్మం గడియకే ఉండిపోతుంది.

పోయిన వారం రాజధాని నుంచి పెద్దలొచ్చారని
లేత్ మిషన్ల మీదుగా ఒక బ్యానర్ కట్టాం:
"ప్రపంచ పోటీకి నిలబడే జాతీయ శ్రామిక శక్తి".
ఫోటోలు తీసుకున్నారు. టీ తాగారు.
దాని కిందే మా రాడ్లు కాల్చే ఓవెన్
అదీ నిలబడే ఉంది, మూడేళ్లుగా,
కాయిల్ కాలిపోయి.

నేను దంబీని. ఇరవై ఆరేళ్లుగా ఇక్కడ
ఇనుముకి ఇనుము అతకడం నేర్పుతున్నాను.
ఈ ఏడు పదకొండు మంది.
వాళ్లలో ఒయున్‌దెల్గెర్ అనే పిల్ల
దరఖాస్తులో "ఎందుకు చేరుతున్నారు" అన్న గడిలో
ఇలా రాసింది:
"జుద్ వచ్చింది. గడ్డి మంచు కింద రాయైపోయింది.
నాలుగు వందల గొర్రెలుండేవి, ముప్ఫై ఏడు మిగిలాయి.
ముప్ఫై ఏడింటికి మా అన్న చాలు."

మొదటి రోజు నేనెవర్నీ చూడమనను.
వినమంటాను.
ఆర్క్ సరైన ఎడంలో ఉంటే
మూకుట్లో కొవ్వు వేగుతున్నట్టు చిటపటమంటుంది.
ఎడం పెరిగితే ఈసడిస్తుంది.
మరీ దగ్గరికెళ్తే రాడ్డు అతుక్కుని
ఇక ఏమీ చెప్పదు.
ఒయున్‌దెల్గెర్‌కి చెవి ఉంది.
చీకట్లో ఏ గొర్రె దగ్గిందో పట్టుకున్న చెవి.

నవంబరు పరీక్షలో ఆమె అతికిన పలకని
ప్రెస్సులో పెట్టి గుర్రపు నాడాలా వంచాను.
మంచి అతుకు వంగుతుంది.
చెడ్డది నోరు తెరుస్తుంది.
ఆమెది తెరిచింది.
లోపల సూదిమొన లాంటి గుల్లలు, బోలెడు.

"తేమ" అన్నాను. "నీ చేతిది కాదు తప్పు, రాడ్డుది."
ఓదార్పనుకున్నాను.
చేతి తప్పయితే దిద్దుకోవచ్చు కదా,
రాడ్డు తప్పుకి ఎవర్ని అడగాలి?
ఆమె అడిగింది:
"ఎంత వేడి కావాలి?"
"మూడు వందల యాభై. రెండు గంటలు."
"మా పిన్ని వాళ్ల గేర్‌లో పొయ్యి
బొగ్గు వేస్తే ఎర్రబడుతుంది" అంది.
నేను నవ్వాను. అప్పటికి నాకు నవ్వే మిగిలింది.

ఇవాళ మళ్లీ పరీక్ష.
పొద్దున్నే వచ్చి, డీల్ నడికట్టు వదులు చేసి
రొమ్ముల దగ్గర్నుంచి
ఉన్ని కంబళి మూట ఒకటి బయటికి తీసింది.
విప్పితే రాడ్లు. ఇంకా వెచ్చగా.
ఒక్కొక్కటీ వేలితో తాకి చూసి,
చల్లారినవాటిని పక్కన పెట్టేసింది.
"రాత్రి మంచులో ఈనితే
పిల్లని ఇలాగే ఇంటికి తెస్తాం" అంది,
ఎవరో అడిగినట్టు.

ముసుగు దించుకుంది.
కొవ్వు వేగింది, ఆగకుండా, ఒకే మంట మీద.

పలకని ప్రెస్సులో పెట్టాను.
నూట ఇరవై డిగ్రీల దగ్గర
ఎందుకో నేనే కళ్లు మూసుకున్నాను.
నూట ఎనభై.
అతుకు మీద బొటనవేలు పెట్టి రాసింది
ఇటు చివర్నుంచి అటు చివరికి.
గోరు ఎక్కడా తట్టలేదు.

ఫారంలో ఒక గడి ఉంది: "రాడ్ల నిల్వ విధానం".
పెన్ను పట్టుకుని చాలాసేపు కూర్చుని
"వెచ్చగా" అని రాశాను.
ఇంకో గడి: "ఉపాధి అవకాశం".
దక్షిణాన గనిలో మూడేళ్ల అనుభవం అడుగుతున్నారు,
కొరియా వాళ్లు మా సర్టిఫికెట్ పేరే వినలేదంటున్నారు.
దాన్ని ఖాళీగా వదిలేశాను.

ఇప్పుడు రోజూ ఉదయం పదకొండు మందీ
ఎద ఉబ్బెత్తుగా నడిచి వస్తున్నారు.
గేటు దగ్గర కాపలా గన్‌జోరిగ్
వోడ్కా సీసాలేమోనని చెయ్యి పెట్టి తడిమి
కాల్చుకుని
నన్ను తిడుతున్నాడు.