నల్లా వచ్చే వేళ

పొద్దున నాలుగింటికి వారాసిగూడలో నల్లా దగ్గుతుంది.
ముందు గాలి, ఆ తర్వాత తుప్పు,
ఆ తర్వాతే మంజీరా.
నిద్రలోనే నా చేతులు
పంపు పిడికోసం తడుముకుంటాయి.

రెండేళ్లు. మలావీలో పదకొండు చేతిపంపులు బాగుచేశాను.
పన్నెండోదానికి వాషర్లు రాలేదు.
వీసా గడువు మాత్రం చెప్పిన రోజుకే వచ్చింది.

"సింహాల్ని చూసినవా?" అంటాడు మల్లేశం చిన్నాయన.
చూళ్లేదు.
చికొండి అనే పిల్ల నిండు బకెట్టు నెత్తిన పెట్టుకుని
చుక్క ఒలకకుండా పకపకా నవ్వడం చూశాను.
అది చెబితే ఎవరూ ఫొటో అడగరు.

చిలకలగూడ చౌరస్తాలో చాయ్ తెచ్చిన కుర్రాడితో
నోరు జారి "జికోమో" అన్నాను.
ఇంకో చాయ్ కావాలనుకున్నాడు, తెచ్చిపెట్టాడు.
తాగేశాను. ఏమని చెప్పను?

ఉద్యోగం దరఖాస్తులో ఆ రెండేళ్ల గడి దగ్గర
పెన్ను ఆగిపోతే
"ఖాళీగా వదిలెయ్, అడిగితే చెప్పు" అంది అక్క.
ఎవరూ అడగలేదు.

నిన్న రాణీగంజ్‌లో, ఫుట్‌పాత్ మీద గోనెసంచి పరిచి
గుట్టగా పోసి అమ్ముతున్నారు, అవే వాషర్లు.
డజను ఎనభై రూపాయలు.
బేరమాడలేదు. కాసేపు అక్కడే నిలబడ్డాను
ఎవరినో తిట్టాలని, ఎవరినో తెలియక.

పోస్టాఫీసులో గుమస్తా పొట్లం తూచి
"లోపలేముంది?" అన్నాడు.
"పన్నెండోది" అన్నాను.
కళ్లద్దాల పైనుంచి ఒక చూపు చూసి
"తోలు సామాను" అని రాసుకున్నాడు.

ఈరోజు నీళ్ల రోజు కాదు.
అయినా నాలుగింటికే మెలకువ.
పొట్లం ఏ సముద్రం దాటుతోందో.
ఖాళీ బకెట్టు నెత్తిన పెట్టుకుని
రెండడుగులు వేసి చూశాను.
పడింది.
కింది వాటాలో లైటు వెలిగింది.