రెగ్యులేటరు గారికి

మా వైపు రెగ్యులేటరంటే మనిషి కాదండి.
కాలవకి అడ్డంగా నిలబడ్డ ఇనప తలుపులు,
పైన పళ్ల చక్రం, పక్కన గీతలు చెక్కిన రాయి.
చక్రం తిప్పేవాడు లస్కరు.
మా నాన్న ముప్ఫయ్యొక్క ఏళ్లు తిప్పేడు.

అందుకే "రెగ్యులేటరుకి అర్జీ పెడదాం" అనగానే
కడలి సువార్తమ్మ అడిగింది:
"కాలవలు కట్టేసి నెల్రోజులైంది కదే,
ఇప్పుడు నీళ్లడిగితే ఎవడిస్తాడు?"
అంబాజీపేటలో, కొబ్బరి పీచు గోదాం వెనక గదిలో
పదకొండు మందిమి నవ్వేం.
నవ్వు సగంలో రాఘవులు ఫోను మోగింది.
పీచు కుప్ప కింద దూర్చేడు.
పీచులోంచి కూడా మోగింది.

అర్జీ నేనే రాసేను.
రాయడం వచ్చు గానీ ఎక్కడ మొదలెట్టాలో తెలీలేదు.
టిఫిను బండి మంగతాయారు పాతికవేలు అడిగితే
చేతికొచ్చింది ఇరవయ్యొక్కవేల మూడొందలని రాయాలా,
మిగతాది ఆవిడ అడగని బీమా తినేసిందని రాయాలా,
ఆ బీమా ఆవిడ పోతేనే పలుకుతుందని రాయాలా?
దింపు తీసే సత్తిరాజుకి
చెట్టు మొవ్వులో ఉండగా ఫోనొస్తే
ఒక చేత్తో మట్ట, ఒక చేత్తో తిట్లు
పట్టుకుని వేలాడేడని రాయాలా?
అతని బావమరిదికీ, పాస్టరు గారికీ, పాలుపోసే ఆయనకీ
అతని ఫొటో కింద "దొంగ" అని వెళ్లిందని?

సువార్తమ్మ తన లోను కాగితాలు తెచ్చింది.
ముప్ఫైరెండు పేజీలు, ఇంగ్లీషు,
చీమ తలకాయంత అక్షరాలు.
చదువు రానిది కాదావిడ,
బైబిలు మొత్తం రెండుసార్లు చదివిన మనిషి.
లేసు అల్లే చెయ్యి కదా,
కాగితాన్ని వెలుగుకి ఎత్తిపట్టి అంది:
"మేం చిల్లు పెడితే లెక్కపెట్టి పెడతాం.
వీళ్లూ అంతేనే."

అది రాసేను. తర్వాత కొట్టేసేను.
అర్జీల్లో అలాంటివి చెల్లవన్నారు రిటైరైన లెక్కల మేష్టారు.
ఆయన చెప్పినట్టే రాసేను.
కాగితం తెలుగులో ఉండాలి, కళ్లకి ఆనాలి.
అడగనిది అంటగట్టకూడదు.
పొద్దుగూకేక ఫోన్లొద్దు, చుట్టాలకి అసలే వద్దు.
ఫిర్యాదు చేస్తే గొంతున్న మనిషి పలకాలి,
ఎందుకంటే పోయినేడు మేం పెట్టిన నాలుగింటికీ
ఒకే రోజు, ఒకే నిమిషంలో, ఒకటే జవాబు:
"మీ ఫిర్యాదు మూసివేయబడింది."

మూసివేయబడింది.
నాన్న ఉంటే అడిగేవాడు, "ఏ వైపు?" అని.
తలుపు దించడం ఏం పనండి,
వరదొచ్చినప్పుడు దించాలి గానీ
శివారు చేలు నెర్రెలిచ్చినప్పుడు కాదు.

ఒకటి ఒప్పుకోవాలి.
మా నాన్న కూడా ఓ రాత్రి నిద్రపోయేడు.
అమ్మకి జ్వరం, మూడు రాత్రుల మెలకువ.
తెల్లారేసరికి గట్టు తెగి
గండి పల్లపువీధిలో ఆరిళ్లు పట్టుకుపోయింది.
ఇసక బస్తాలు మోసినవాళ్లలో ఆయనే ముందు.
ఎవరూ ఏమీ అనలేదు.
ఆయన మాత్రం చచ్చేదాకా
ఆ వీధిలోంచి నడవలేదు,
సంతకి చుట్టూ తిరిగెళ్లేవాడు.

అందుకని, అయ్యా, మిమ్మల్ని తిట్టడానికి నాకు చెయ్యి రాలేదు.
మీరు కూర్చున్న అంతస్తుకి నీళ్ల చప్పుడు ఎక్కదేమో.
ఆ తర్వాత నాన్న ప్రతి రాత్రీ వెళ్లి
తలుపు ఇనుముకి చెవి ఆనించేవాడు.
సన్నటి ధార కారినా
ఏ బోల్టు దగ్గరో చెప్పేవాడు.

ఏడు సంతకాలు, మూడు వేలిముద్రలు.
పదకొండో గీత ఖాళీ.
మొన్నట్నుంచి రాఘవులు కనబడలేదు.
రొయ్యల చెరువు మీద అతని కాపలా గుడిసెకి తాళం.
ఫోను లోపలే ఛార్జింగులో వదిలేసినట్టున్నాడు.
తలుపుకి చెవి ఆనించేను.
మోగుతోందండి.