కలుపు కూలి

నర్సరీ ఆటో బడి గేటు ముందు దింపిపోయింది
నాలుగు వందల నల్ల సంచులు.
సంచికో నిగనిగలాడే తీగ,
తీగకో పసుపు పువ్వు.
"నీళ్లడగదు సార్, ఆర్నెల్లలో నేల కనపడదు"
అన్నాడు డ్రైవర్, బిల్లు మీద సంతకం పెట్టించుకుంటూ.

నేల కనపడకపోవడం నేను చూసిన సంగతే.
మిర్యాలగూడలో పనిచేసినప్పుడు
ఓ కాలువ గట్టు ఇట్లాగే నవ్వుతూ మునిగింది.
రెండో ఏడు ఆ పసుపు కింద చెయ్యి పెట్టి వెతికితే
ఒక్క గడ్డిపోచ లేదు. ఒక్క మిడత లేదు.

మా బడి వెనక ఎర్ర మొరం వాలు.
వాన పడ్డప్పుడల్లా కొంచెం కొంచెంగా
అచ్చంపేట రోడ్డు మీదికి నడిచిపోతోంది.
ఏదో ఒకటి కప్పాలి, నిజమే.

ఊడ్వడానికి వచ్చిన ఈదమ్మ
ఒక ఆకు తుంచి, గేటు బయటి మేకకు చాచింది.
అది వాసన చూసి తల తిప్పుకుంది.
"మేక మూతి పెట్టనిదాన్ని
నేనెట్ల నమ్మాలె సారూ?"

మర్నాడు గంపతో వచ్చింది.
గరిక పిలకలు, గంగవాయిలి, గలిజేరు,
విష్ణుక్రాంత (ఆ నీలం
పిల్లల చొక్కా మీది ఇంకు మరక కన్నా చిన్నది),
బోరు కాడ పాకే బొక్కెన తీగ, వేళ్లకు మన్నుతో సహా.

వాలు మీద గొంతుక్కూర్చొని నాటుతూ నాటుతూ
ఉన్నట్టుండి నవ్వడం మొదలుపెట్టింది.
నవ్వి నవ్వి కొంగుతో కళ్లు తుడుచుకుంది.
"నలభై ఏండ్లు పత్తిచేన్ల, పల్లిచేన్ల
వీటిని పీకనీకి కూలిచ్చిండ్రు.
ఇయ్యాల నాటనీకి ఇస్తున్నరు.
ఏమనుకుంటదో గరిక!"

తనిఖీకొచ్చిన ఆఫీసరు "తోట ఏదీ?" అన్నాడు.
చూపించాను.
"ఇది కలుపు కదండీ."
రిజిస్టరులో ఆ గడి ఇంకా ఖాళీగానే ఉంది.

శ్రావణంలో పెద్ద వాన పడ్డ రాత్రి
గొడుగు మరిచి వెళ్లి చూశాను.
మోరీలోకి దిగే నీళ్లు ఎర్రగానే ఉన్నాయి,
అయితే నిరుటంత చిక్కగా లేవు.
గంగవాయిలి సగం మధ్యాహ్నం పప్పులోకి పోయింది.
గరిక మాత్రం ఎవరికీ చెప్పకుండా
రెండు జానలు కిందికి దిగింది.

కుళాయి పక్కన, పగిలిన సంచిలోంచి వేరు దించి
ఒక పసుపు పువ్వు.
అందంగానే ఉంది, ఆ మాట దాచను.

వంగాను.
నా బతుకులో నేను తీసిన
మొదటి కలుపు అది.