లౌత్‌లో గీత

ఈస్ట్‌గేట్ వీధి పేవ్‌మెంట్‌లో
చెప్పుల కింద అరిగి మెరిసే సన్నటి లోహపు బద్ద.
ప్రపంచం ఇక్కణ్ణుంచి లెక్క మొదలెడుతుందని
పక్క గోడకు ఒక పలక.
మాంసం కొట్టుకు పోయేవాళ్ళు చూడరు.
కుక్కలు ఆగుతాయి, వాసన చూస్తాయి,
తూర్పో పడమరో తేల్చుకోకుండానే కాలెత్తుతాయి.

బుధవారం సంత.
కేర్ హోమ్ నుంచి మాల్ట్‌బీ తాతని
చక్రాల కుర్చీలో తోసుకొస్తాను.
సర్వే శాఖలో నలభై ఏళ్ళు గొలుసు లాగిన మనిషి.
ఒక చక్రం ఇటు, ఒక చక్రం అటు ఉండాలంటాడు.
"ఇంకో అంగుళం, అమ్మాయ్."
బ్రేకు పడ్డాక కళ్ళు మూసుకుని బయల్దేరతాడు.

దక్షిణంగా. బురద నేలలు, క్యాబేజీ మళ్ళు,
లండన్ గుట్ట మీద ఫోటో కోసం కాళ్ళు చాపే జనం.
సుద్దకొండ అంచున నేల తెగుతుంది,
గీత తెగదు,
నీళ్ళలోకి దిగి నడుస్తుంది.
అవతల ఆపిల్ తోటలు. మంచు కొండలు. నారింజలు.
మళ్ళీ సముద్రం. ఆపైన ఇసుక.
ఇసుక దగ్గర చాలాసేపు ఆగిపోతాడు,
నేను నీళ్ళ సీసా మూత తీసేదాకా.

తేమా దగ్గర నేనందుకుంటాను.
ఘానా రేవు, నైట్ డ్యూటీ జిఫా వాళ్ళ ఊరు.
వాళ్ళ పెరట్లోంచే పోతుందట
చేపలు ఎండేసిన దడిని దాటుకుంటూ.
చలికాలమంతా రెండు ఊళ్ళకీ ఒకటే గడియారం.
మార్చి చివర్లో మాత్రం
ఈ ఊరు తన గీతను తనే నమ్మక
గంట ముందుకు దూకేస్తుంది.
"మేం కదల్లేదు, మీరే పారిపోయారు"
అంటుంది జిఫా, దుప్పట్లు మడతపెడుతూ.

గీత అంటే నాకు ముందు తెలిసింది వేరే.
తుని దగ్గర, ఈతచెట్టు మెడకి
మా నాన్న పెట్టేది.
మోకు బిగించి ఎక్కి, కత్తి ఏటవాలుగా పట్టి
ఉల్లిపొర మందాన చెక్కు లేపేవాడు.
లోతుగా గీస్తే చెట్టు చస్తుంది,
పైపైన గీస్తే లొట్టి ఎండుతుంది.
ఇక రాత్రంతా చుక్క, చుక్క.
మా ఇంట్లో టైము అలాగే కారేది.

మా ఊరి మీంచి కూడా ఒకటి పోతుందని,
దేశమంతా దాన్ని చూసే
గడియారాలు తిప్పుకుంటుందని
ఇంత దూరం వచ్చాక తాత చెప్పాడు.
ఎనభై రెండున్నర.
ఎవరూ దానికి బద్ద పరవలేదు.
తమలపాకు పాదుల మీంచి
టికెట్ లేని మనిషిలా చప్పుడు కాకుండా పోతుంది.
"ఇదీ అదీ ఎక్కడైనా కలుస్తాయా?"
"మంచులో. అట్టడుగున. అన్నీ అక్కడికే."
మొవ్వులో ఆకుల్లాగా అనుకున్నాను,
ఆ మాటకి ఇంగ్లీషు దొరక్క ఊరుకున్నాను.

మొన్న బుధవారం గుట్టు విప్పాడు.
"ఇది అబద్ధం. ఉపగ్రహాల సున్నా ఇక్కడ లేదు.
తూర్పుకి నూరు మీటర్ల పైనే."
"మరి ఇన్నాళ్ళూ చెప్పలేదే?"
"బద్ద మనసు కష్టపెట్టడమెందుకని."

ఫోన్ ఆయన ఒళ్ళో పెట్టి తోశాను.
పడమర అంకెలు ఒక్కొక్కటే కరుగుతున్నాయి.
బ్యాంకు దాటాం. బూట్ల కొట్టు దాటాం.
"ఎడమకి తిప్పు" అన్నాడు, గొంతు పాతికేళ్ళ వాడిది.
సున్నాలు వరస కట్టిన చోట
చిప్స్ కొట్టు వెనక చెత్త డబ్బాలు,
తడిసిన అట్టపెట్టె, దాని మీద
మమ్మల్ని అనుమానంగా చూసే సముద్రపు కాకి.
పలక లేదు. ఫోటో తీసేవాడు లేడు.
తాత చెయ్యి చాచి గాలిని నిమిరాడు
ఆవు వెన్ను నిమిరినట్టు.

చీకట్లో చెట్టెక్కినప్పుడు
నాన్నకీ నిన్నటి గీత కనపడేది కాదు.
వేలితో వెతికేవాడు, తడి తగిలిన చోట ఆగేవాడు.

నేను వంగి నేల ముట్టుకున్నాను.
తడిగానే ఉంది.
వానదో, డబ్బా కారిందో
తాత అడగలేదు.