తొమ్మిదో గుంత

శంకర్‌పల్లి రోడ్డు మీద ఆటో దిగాక
ఇంకా రెండు కిలోమీటర్లు నడవాలి.
బ్రోచర్లో మాత్రం 'నగరానికి కూతవేటు దూరం' అని రాశాను.
ఎవరి కూతో ఎవరూ అడగలేదు.

కమాను నిలబడే ఉంది.
పేరులో మిగిలినవి మూడక్షరాలు,
వాటి మధ్య తేనెతుట్టె.
సెక్యూరిటీ గది నిండా వరిగడ్డి.
కిటికీ అద్దం మీద ఇంకా
'సభ్యులకు మాత్రమే'.
ఒక దూడ నన్ను ఎగాదిగా చూసింది,
సభ్యత్వం ఉన్నదానిలా.

ఈతకొలనులో నీళ్లు లేవు.
నీలం పలకల మీద కందులు ఎండబోశారు.
గోడమీద 'ఆరడుగుల లోతు' అని గుర్తు.
ఆ లోతులో కూచుని అండాలు చేటతో చెరుగుతోంది.

"ఎవరు సారూ? కొననీకొచ్చినవా? కొలవనీకొచ్చినవా?"
రెండూ కాదన్నాను.

నాలుగేళ్లు గడ్డి మీద పనిచేసిందట.
ఎక్కడి గడ్డో, ఓడలో వచ్చింది చాపచుట్టల్లాగ.
దాని మధ్య జొన్న మొలిస్తే పీకెయ్యాలి. అంతే పని.
"మా అత్త ఇత్తిన జొన్నలే సారూ.
భూమి అమ్మినా అవి ఖాళీ చెయ్యలే.
రోజు పీకేదాన్ని, రోజు మొలిచేవి.
సూపర్‌వైజరు కలుపు అనేటోడు.
నేనూ అననేర్చిన."

బోర్లు పదకొండొందల అడుగులు దిగి
దుమ్ము కక్కిన ఎండాకాలం
గడ్డి పసుపయింది, ఆఫీసులో ఫోన్లు ఎత్తడం మానేశారు.
ఏది ముందో ఆమెకు గుర్తు లేదు.
మూడు నెలల జీతం బాకీ.
జీతం బదులు జెండాలు పీక్కుపోయింది,
పద్దెనిమిదింటిలో పదకొండు.
బొంత కుట్టింది.
మనవడు నాలుగో నంబరు మీద పడుకుని
పద్నాలుగో నంబరు తడుపుతాడట.

"నువ్వేం జేసినవ్ ఈడ?"
"రాసిన."
నాలుక దానంతటదే ఆమె వైపు తిరిగింది.
'కొలను గట్టున ఉదయాలు' అని రాశాను. గట్టుండే కొలను ఎప్పుడూ లేదు.
'తరతరాల పచ్చదనం' అని రాశాను,
నారాయణగూడలో, ఫ్యాను కింద, ఫొటోలు చూసి.
అవేవీ చెప్పలేదు. "ఏవో కాయితాలు" అన్నాను.
"పైసలిచ్చిండ్రా?"
"సగం."
"మంచిగనే కొట్టినవ్ పో" అని నవ్వింది.

తొమ్మిదో గుంత దగ్గర ఇసుక ఇంకా తెల్లగానే ఉంది.
చుట్టూ ఎవరూ విత్తని జొన్న, నా భుజాలెత్తు.
ఇసుకలోంచి ఒక తీతువు
మమ్మల్ని తిట్టుకుంటూ లేచింది.
కింద మచ్చల గుడ్లు మూడు.
నాలుగోది తెల్లగా, సన్నని సొట్టల్తో,
మీద కంపెనీ పేరుతో.

తీసేద్దామని వంగాను.
"వద్దు సారూ.
వారం సంది చూస్తున్న,
దానికే ఎక్కువ ఆనుకొని కూసుంటది."

వెనక్కి జరిగాం.
పిట్ట చాలాసేపు తిరిగి, దిగి,
రెక్కలు సర్దుకుని కూర్చుంది.

ఆటో దొరికేసరికి చీకటి పడింది.
జేబులో ఆమె తెంపి ఇచ్చిన కంకి.
గతుకు గతుక్కీ ఒక్కో గింజ
సీటు కింద రాలుతోంది.